బోటు రేడియో: వినబడితే చాలదు, బటన్ నొక్కినప్పుడు నిలబడాల

నమస్తే అన్నా. తిరుపతికి బోటు వైరింగ్‌తో ఏం పని అనుకోవద్దండి. 2022లో జిల్లాలు మారినప్పుడు వాకాడు, సూళ్లూరుపేట, తడ మన జిల్లాలోకి వచ్చినాయి. తూపిలిపాళెం తీరం, ఇటుపక్క పులికాట్ సరస్సు మనయే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, బోట్లు ఒడ్డునే ఉంటాయి. వైర్ల పనికి అదే అదను.

ఆటోలకీ ట్రాక్టర్లకీ చేసే అలవాటుతో బోటు మీద చెయ్యి పెట్టొద్దు. ఆటోలో ఒక వైరు లాగి, రెండోది బాడీకి ఎర్త్ ఇచ్చేస్తాం. బోటు బాడీ ఫైబర్‌ది, దాంట్లో కరెంటు పారదు. ప్లస్ వైరు ఎంత దూరం పోతే, మైనస్ కూడా అంత దూరం బ్యాటరీ దాకా తిరిగి రావాల.

ఆ దూరమే రేడియో ప్రాణం తీసేది. వీహెచ్ఎఫ్ రేడియో, అంటే ఒడ్డుతోనూ మిగతా బోట్లతోనూ మాట్లాడేది, వింటున్నంత సేపూ కరెంటు కొంచెమే తీసుకుంటుంది. బటన్ నొక్కి 25 వాట్లలో మాట్లాడితే మాత్రం 5, 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి రేడియోకి 5 మీటర్లు అనుకోండి, రానూపోనూ 10. ఒక చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే 6 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టు దాకా దారిలోనే పోతుంది. బ్యాటరీలో 12 ఉంటే రేడియోకి అందేది 10.8. చాలా రేడియోలకి 11.7 అయినా ఉండాల. అందుకే మామూలుగా బాగా వినబడే రేడియో, ఆపదలో పిలిచేటప్పుడు టక్కున ఆరిపోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండన్నా, పోయేది 0.3 వోల్టే. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇక్కడ వెనకాడొద్దు.

కొలిచేది కూడా రేడియో వెనకాల, బటన్ నొక్కి ఉండగా కొలవాల. యాంటెనా బిగించకుండా నొక్కొద్దు, రేడియో చెడిపోవచ్చు. 16వ ఛానెల్ ఆపదకి పిలిచేది, పరీక్షలకి దాన్ని వాడొద్దు.

ఇదిగో, ఈ పాత వైరు కోస్తాండా, దగ్గరగా చూడండి. పైన తొడుగు ఎర్రగా కొత్తదాని మాదిరే ఉంది. లోపల రాగి? నల్లగా, గోరుతో గీకితే పొడి రాలుతోంది. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులోంచి ఉప్పునీళ్లు పోగుల మధ్యన ఎక్కేసినాయి. తగరం పూత ఉన్న రాగి వైరు తీసుకోండి. వైరు కొసకి లగ్ (లోహపు తొడుగు ముక్క) నొక్కి బిగించి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాల; అది కాపాడేది వైరుని, మంట లేవకుండా.

ఇంక జీపీఎస్. రేడియోలో డీఎస్సీ (ఆపద కబురుని డిజిటల్‌గా పంపే ఏర్పాటు) ఉంటే, మీ బోటుని గుర్తుపట్టే 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబరు ఎక్కించినాక, ఎర్ర బటన్ ఒత్తితే ఆపద కబురు దానంతటదే పోతుంది. జీపీఎస్ కలపకపోతే బోటు ఎక్కడుందో ఆ కబురులో దానంతటదే చేరదు. కొన్ని రేడియోల్లో జీపీఎస్ లోపలే వస్తుంది. లేకుంటే రెండు సన్న వైర్లే: బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈ పద్ధతిని ఎన్ఎంఈఏ 0183 అంటారు. జీపీఎస్ అవుట్ రేడియో ఇన్‌కి పోవాల, రెండిట్లోనూ సమాచారం పంపే వేగం (బాడ్) 4800 పెట్టాల. సరిగ్గా కలిస్తే తూపిలిపాళెం ఒడ్డున రేడియో తెర మీద 14 ఉత్తరం, 80 తూర్పు దరిదాపుల్లో అంకెలు కనబడతాయి. రాకపోతే ముందు అవుట్, ఇన్ తారుమారైనాయేమో చూడండి. అంకెలు వచ్చినాకే అతుకు మూయండి.