పాత సామాన్లతో చిన్న ట్రెయిల్ ట్రక్కు: ముందు గేరు, తరువాతే మోటారు

నమస్కారం. రాయగడ నుండి మాట్లాడుతున్నాను. ఈ బల్ల మీద మీకు కనిపిస్తున్నవి పాడైపోయిన రెండు బొమ్మ జీపులు, పనిచేయని ఒక ప్రింటరు, లాప్‌టాప్‌లోంచి తీసిన పాత బ్యాటరీ, కొన్ని సైకిల్ స్పోకులు, కిటికీ చట్రం నుండి మిగిలిన అల్యూమినియం పట్టీ. వీటిలో చాలా వరకు కబాడీ కొట్టులో తూకానికి కొన్నవే. వీటితో రాళ్ల మీద నిదానంగా ఎక్కి దిగగలిగే రిమోట్ ట్రక్కును, అసలు పికప్ బండిలో సుమారు 18వ వంతు పరిమాణంలో, ఈ వీడియోలో తయారుచేద్దాం.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డు ఎక్కే లోడు లారీని మీరు చూసే ఉంటారు. డ్రైవరు దానిని మొదటి గేరులో, మనిషి నడకంత వేగంతో, ఎక్కడా ఆపకుండా పైకి తీసుకువెళ్తాడు. మన ట్రక్కు కూడా అలాగే నడవాలి. అందుచేత పాత సామాన్లలో మొదట వెతకవలసింది బలమైన మోటారును కాదు, పళ్లు అరగని గేరును. నేను చేసిన మొదటి ట్రక్కులో ప్రింటరు మోటారును వేగం పెద్దగా తగ్గించని గేర్లతో బిగించాను. అది నేల మీద పరుగెత్తింది కానీ, గుప్పెడంత రాయి ఎదురుకాగానే వెనక్కి తిరగబడింది. ఆ తరువాత మోటారును మార్చలేదు, గేర్లనే మార్చాను.

జాతరలో, సంతలో అమ్మే పెద్ద చక్రాల బొమ్మ జీపులు చాలావాటిలో ముందు ఇరుసుకు ఒక మోటారు, వెనుక ఇరుసుకు ఒక మోటారు, వాటితోపాటే గేర్‌బాక్సు ఉంటాయి. పిల్లల చేతిలో సాధారణంగా మొదట పాడయ్యేది సర్క్యూటు బోర్డు లేదా రిమోటు. ఇరుసులు బాగానే మిగులుతాయి. రెండు బొమ్మలు కొన్నది అందుకే. మంచి ముందు ఇరుసును, మంచి వెనుక ఇరుసును ఏరుకొని, మిగిలినవాటిని విడిభాగాలకు దాచుకోవచ్చు.

ఇరుసు విప్పి, పాత గ్రీజు తుడిచి, ఒక్కొక్క పల్లును వెలుతురులో చూడండి. తరువాత చక్రం మీద రంగు టేపు ముక్క అంటించి, మోటారుకు బ్యాటరీ కలిపి, అర నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నిమిషానికి 100 నుండి 150 చుట్ల మధ్య ఉంటే మనకు సరిపోతుంది. 55 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 120 చుట్లు తిరిగితే బండి సుమారు 20 మీటర్లు వెళ్తుంది, అంటే గంటకు దాదాపు 1.2 కిలోమీటర్లు. ఇంతకన్నా వేగం మనకు అక్కరలేదు.

గేర్‌బాక్సు తెరిచి ఉండగానే డిఫరెన్షియల్‌ను, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే చిన్న గేర్ల గుంపును కూడా చూడండి. ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు డిఫరెన్షియల్ ఉన్న ఇరుసు ఆ లేచిన చక్రాన్నే తిప్పుతుంది, రాతిని పట్టుకొని ఉన్న చక్రం కదలదు. రోడ్డు మీద మలుపు తిరగడానికి ఉపయోగపడే ఏర్పాటే రాళ్ల మీద బండిని నిలిపివేస్తుంది. కనుక లోపలి చిన్న గేర్లను కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వాటి సందుల్లో ఎం-సీల్ కూరి ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. బయటి పెద్ద గేరు పళ్లకు ఆ ముద్ద అంటకుండా జాగ్రత్తపడాలి, ఎందుకంటే గట్టిపడిన తరువాత దానిని గీకితే పళ్లు కూడా తెగిపోతాయి.

ఇప్పుడు ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం. 200 మిల్లీమీటర్ల పొడవున అల్యూమినియం పట్టీలు రెండు కోసి, వాటి మధ్య 35 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా మూడు అడ్డముక్కలు బిగించాను. ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసుకు దూరం 160 మిల్లీమీటర్లు. రెండు పట్టీలను ఒకదాని మీద ఒకటి ఉంచి, ఒకేసారి రంధ్రాలు వేయండి. విడివిడిగా వేస్తే అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఇరుసు వంకరగా కూర్చుంటుంది, బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

ఇరుసును ఛాసిస్‌కు కలిపే కడ్డీలే ఈ బండికి ప్రాణం కనుక ఇక్కడ కొంచెం ఆగుదాం. సైకిల్ స్పోకు సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, తేలికగా విరగదు. దాని కొసను 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు చుట్టూ వంచితే చక్కని కన్ను వస్తుంది. ఒక్కో ఇరుసుకు నాలుగు కడ్డీలు కావాలి. కింది రెండు పక్కపక్కన తిన్నగా వెళ్లి ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతాయి. పై రెండూ ఇరుసు మధ్యలో దగ్గరగా కలిసి, ఛాసిస్ దగ్గర విడిపోవాలి. మోటారు చక్రాన్ని తిప్పేటప్పుడు ఇరుసు తానే గుండ్రంగా తిరగాలని చూస్తుంది. దానిని ఆపేవీ, ఇరుసు పక్కకు జారకుండా పట్టేవీ ఈ పై కడ్డీలే. బోల్టును పూర్తిగా బిగించకుండా, కడ్డీ దాని బరువుకు అదే కిందికి వాలేంత వదులు ఉంచి, పైన రెండో నట్టుతో బంధించండి.

స్ప్రింగులు ప్రింటరులోంచి తీసినవి. బండి నిలబడినప్పుడు స్ప్రింగు తన మొత్తం కదలికలో మూడో వంతు కుంగాలి. అసలు కుంగకపోతే చక్రం గుంతలోకి దిగదు, గాలిలోనే వేలాడుతుంది.

బొమ్మలోని పాత సర్క్యూటును వాడవద్దు. దానికి ఆగడం, పూర్తి వేగంతో వెళ్లడం, ఎడమకు పూర్తిగా తిరగడం, కుడికి పూర్తిగా తిరగడం తప్ప నడిమి స్థితి తెలియదు. రాయి మీద చక్రాన్ని వేలు మందం జరపాలంటే మీట ఎంత కదిపితే అంతే స్పందించే రిమోటు కావాలి. అందుకే 2.4 గిగాహెర్ట్జ్ రిమోటు, దాని రిసీవరు, రెండు లిథియం సెల్లులతో పనిచేసే బ్రష్ మోటారు స్పీడ్ కంట్రోలరు, ముందు చక్రాలను ఎడమకూ కుడికీ తిప్పే 9 గ్రాముల మెటల్ గేరు సర్వో మోటారు, ఈ నాలుగింటినీ కొత్తవే కొన్నాను. స్పీడ్ కంట్రోలరు కొనే ముందు మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, చక్రాన్ని ఒక్క క్షణం చేత్తో పట్టి ఆపి, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూడండి. రెండు మోటార్లు ఉన్నాయి కనుక ఆ అంకెను రెట్టింపు చేసి, దానికంటే ఎక్కువ సామర్థ్యం ఉన్నదే తీసుకోండి. పాత బోర్డు మీద 104 అని రాసి ఉన్న చిన్న సిరామిక్ కెపాసిటర్లను మాత్రం పారేయవద్దు. ఒక్కొక్క మోటారు రెండు కొసల మధ్య ఒకటి టంకం వేస్తే రిసీవరును కలవరపెట్టే విద్యుత్ రొద తగ్గుతుంది.

సర్వోను బిగించే ముందు రిమోటు ఆన్ చేసి, అది నడిమికి వచ్చాకే దాని చేతిని అమర్చండి. మోటార్లలో ఒకటి ఎదురు దిశలో తిరిగితే దాని రెండు తీగలను మాత్రం మార్చండి.

బ్యాటరీ విషయంలో నేను రాజీపడను. లాప్‌టాప్ సెల్లు 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది. విప్పినప్పుడు 2.5 వోల్టుల కంటే తక్కువ చూపించినా, పై పొర చినిగినా, తుప్పు కనిపించినా, ఛార్జింగులో వేడెక్కినా దానిని పక్కన పెట్టేయండి. సెల్లు మీద నేరుగా టంకం వేయకండి, హోల్డరులో పెట్టండి. రెండింటినీ బయటకు తీసి, లిథియం సెల్లులకు తగిన ఛార్జరులో మీ కళ్ల ముందే ఛార్జి చేయండి. పిల్లలు ఈ పని పెద్దవారి పక్కన ఉండే చేయాలి. బొమ్మ మోటార్లకు రెండు సెల్లుల 7.4 వోల్టులు కొంచెం ఎక్కువే కనుక రిమోటులో గరిష్ఠ వేగాన్ని తగ్గించి ఉంచండి.

సెల్లు ఒకటి సుమారు 45 గ్రాములు తూగుతుంది. ఆ రెండింటినీ ముందు ఇరుసు వెనుకనే, వీలైనంత కిందికి పెట్టాను. ముందు చక్రాలను తూకం మీద, వెనుక చక్రాలను అంతే ఎత్తున్న పుస్తకం మీద ఉంచి చూస్తే మొత్తం బరువులో 55 నుండి 60 శాతం ముందు పడాలి. తక్కువైతే టైరు షాపులో పారేసిన అతుకుడు బరువులను ముందు చక్రాల లోపల అంటించండి. అవి సీసానివైతే పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బరువు ఎత్తు ఎందుకు ముఖ్యమంటే, చక్రాల మధ్య వెడల్పు 110 మిల్లీమీటర్లు ఉండి, బరువు కేంద్రం నేల నుండి 45 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే బండి పక్కకు సుమారు 50 డిగ్రీలు వంగే వరకు పడదు. అదే కేంద్రం 65కు పెరిగితే 40 డిగ్రీలకే పడిపోతుంది. అందుకే పైకప్పును నూనె డబ్బా పలుచటి ప్లాస్టిక్కుతో కత్తిరించాను, రంగు కూడా ఒక్క పూతే వేశాను.

ఇప్పుడు మనం నాగావళి ఒడ్డున, హాతీపథర్ దగ్గర ఉన్నాం. ఏనుగుల్లా కనిపించే ఆ పెద్ద బండల జోలికి పోకుండా, ఒడ్డున పొడిగా ఉన్న చిన్న రాళ్లనే ఎంచుకున్నాను. చూడండి, ఎడమ ముందు చక్రం రాయి ఎక్కింది, కుడి వెనుక చక్రం గుంతలోకి దిగింది, నాలుగూ ఇంకా పట్టు వదలలేదు. నీటిలోకి మాత్రం దింపకండి, ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం నీటిలోంచి చాలా తక్కువ దూరమే వెళ్తుంది, యాంటెన్నా మునిగితే బండి మన మాట వినదు.

ఇంటికి వెళ్లాక సెల్లులు తీసేసి, ఇరుసుల్లో చేరిన ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులపండి, ఆ తరువాత పై కడ్డీల నట్లను ఒకసారి చేత్తో కదిపి చూడండి. మొదటి రోజు వదులయ్యేవి ఎక్కువగా అవే.