పది నిమిషాల ఓపీలో సీబీటీ: ఒక ప్రశ్న, ఒక చిన్న పని

[దృశ్యం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ గది. బల్ల మీద రక్త పరీక్ష రిపోర్టు.]

వ్యాఖ్యాత: మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 9.2 శాతానికి చేరిందని చెప్పగానే రోగి ముఖం పాలిపోతే, "ఏం కాదమ్మా, భయపడకండి" అనడం వైద్యులకు అలవాటే. కానీ ఆమె దేనికి భయపడుతున్నారో వినకుండా చెప్పిన ధైర్యం ఇల్లు చేరేదాకా కూడా నిలవదు. 1960లలో ఫిలడెల్ఫియాకు చెందిన మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన సీబీటీని, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడానికి తోడ్పడే మాటల చికిత్సను (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) పూర్తిగా అందించాలంటే వారాలు పడుతుంది. అందులోని కొన్ని మెలకువలు మాత్రం ఓపీలోనూ పనికొస్తాయి.

డాక్టరు: ఈ అంకె వినగానే మీకు మొదట ఏమనిపించిందమ్మా?

రోగి: మా అమ్మకు కాలు తీసేశారండీ. నేనేం చేసినా చివరికి నాకూ అంతేననిపించింది.

[తెర మీద: ఓపీ చీటీ వెనుక పెన్నుతో గీస్తున్న గొలుసు.]

వ్యాఖ్యాత: ఆ ఆలోచన వల్ల గుబులు, గుబులు వల్ల నిద్రలేమి, "ఎలాగూ అంతే కదా" అని సాయంత్రం నడక మానేయడం, దానితో షుగర్ మరింత పెరగడం. అంతా తన బద్ధకమేనని తనను తాను తిట్టుకుంటున్న మనిషికి దీన్ని ఇలా గీసి చూపిస్తే ఎంతో ఊరట కలుగుతుంది. ఆ తర్వాత వాదించకూడదు, అడగాలి.

డాక్టరు: అమ్మగారికి షుగర్ ఉందని ఎప్పుడు తెలిసింది?

రోగి: కాలికి పుండు పడ్డాకేనండీ. నాకైతే ముందే తెలిసింది.

వ్యాఖ్యాత: ఆ చివరి మాట ఆమె నోటి నుంచే రావాలి. ఇక మిగిలిన రెండు నిమిషాల్లో "వ్యాయామం చేయండి" అని సరిపెట్టకుండా, రాత్రి భోజనం కాగానే పక్కింటావిడతో కలిసి వీధి చివరిదాకా నడవాలని చీటీలో రాసివ్వాలి. మళ్లీ వచ్చినప్పుడు షుగర్ కంటే ముందు ఆ నడక గురించే అడగాలి.

ఆగిపోయిన పనులను ఇలా కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించే పద్ధతిని గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారితో ప్రయత్నించారు. శిక్షణ పొందిన సామాన్యులే 6 నుంచి 8 విడతలు కౌన్సెలింగ్ చేయగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారి కంటే ఎక్కువ మంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

అయితే ఛాతీ నొప్పిని భయం ఖాతాలో వేసే ముందు ఈసీజీ తీయించాల్సిందే. డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9లో చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు అవునని జవాబొస్తే, ఈ మెలకువలతో ఆగిపోకుండా, ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుని దగ్గరకు పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.