నచ్చని గొంతు మళ్ళీ విన్నప్పుడు

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వాళ్ళంతా పాటంటే చెవి కోసుకునే వాళ్ళే కాబట్టి, ఉపోద్ఘాతం లేకుండా నా అనుభవంతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ళు నాకు బేగం అఖ్తర్ గొంతు నచ్చలేదు. గజల్ అంటే ఆవిడే అని తెలిసినవాళ్ళు చెప్పేవారు. వినేవాణ్ణి, కాసేపటికి కట్టేసేవాణ్ణి. పై స్వరానికి వెళ్ళేటప్పుడు ఆవిడ గొంతు ఒక్క క్షణం విరుగుతుంది. సన్నటి జీర ఒకటి పలికి, గొంతు మళ్ళీ కుదుటపడుతుంది. ఆ విరుపు కోసమే ఎదురుచూసే అభిమానులున్నారు. నాకు మాత్రం అదొక లోపంగానే వినపడేది.

మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక రాత్రి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను. ఫోన్‌లో ఏదో పాట అయిపోయి, దానంతటదే ఆవిడ గజల్ మొదలైంది. ఆపడానికి ఓపిక లేక వదిలేశాను. హార్మోనియం, తబలా, ఆ గొంతు. పై స్వరం దగ్గర అదే విరుపు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. పొద్దుటినుంచి డాక్టర్లతో, చుట్టాలతో మామూలుగా మాట్లాడుతూ నేను లోపల బిగబట్టుకున్నది అచ్చం అలాగే ఉంది. ఇంకాస్త గట్టిగా మాట్లాడితే నా గొంతూ అలాగే విరిగేది. ఆ గజల్లో సగం మాటలకు నాకు అర్థం తెలియదు. తెలియకపోయినా ఏమీ తక్కువ కాలేదు.

ఆవిడ 1974లోనే పోయారు. రికార్డింగులో కొత్తగా చేరినదేమీ లేదు. ఇన్నేళ్ళూ ఆ గొంతు గురించి నేను చెప్పిన అభిప్రాయాల్లో ఆవిడ సంగతి ఎంత, ఆయా పూటల్లో నా మనసు సంగతి ఎంత అన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది. ఇవాళ మాట్లాడేది దాని గురించే.

నున్నటి గొంతులతో ఈ సమస్య పెద్దగా రాదు. పని చేసుకుంటూ వినొచ్చు, ప్రయాణంలో వినొచ్చు, మనసు ఎలా ఉన్నా సర్దుకుపోతాయి. ముద్ర ఉన్న గొంతు అలా కాదు. అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే ఆఖరి రోజుల రికార్డింగులే చూడండి. 1958లో, చనిపోవడానికి ఏడాది ముందు, పెద్ద వాద్యబృందంతో ఆవిడ ఒక ఆల్బమ్ పాడారు. అప్పటికి గొంతు బాగా దెబ్బతింది. అది వినలేమనే వాళ్ళున్నారు, ఆవిడ పాడిన వాటిలో అదే గొప్పదనే వాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు, ఒకే మనిషి వేర్వేరు రోజుల్లో ఈ రెండు మాటలూ నిజాయితీగానే అనగలడు.

ఇందులో శరీరం పాత్ర కూడా ఉంది. మన చెవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలకు అన్నిటికన్నా చురుగ్గా స్పందిస్తుంది. శిక్షణ పొందిన ఒపెరా గాయకుల, ముఖ్యంగా మగవాళ్ళ గొంతులో 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ప్రత్యేకమైన బలం ఉంటుందని స్వీడన్ పరిశోధకుడు యోహాన్ సుండ్‌బెర్గ్ వివరించారు. మైకు లేకుండానే అంత వాద్యఘోషను దాటి వాళ్ళ గొంతు వినపడేది అందువల్లే. నిద్ర లేక తల పగిలిపోతున్న రోజున అదే బలం చెవిలో గుచ్చుకుంటుంది. ఆ రోజు ఆ గాయకుడి మీద తీర్పు చెప్పకండి, పడుకోండి.

హిందుస్తానీ గాయకుడు కుమార్ గంధర్వ సంగతి ఇంకో రకం. క్షయ వ్యాధితో ఆయనకు ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది. కొన్నేళ్ళు పాటే లేదు. కోలుకున్నాక దొరికిన ఊపిరికి తగ్గట్టు చిన్న చిన్న పలుకులతో, మధ్యమధ్య మౌనంతో పాడే తీరు ఒకటి తయారుచేసుకున్నారు. టెన్షన్‌లో ఉండి వింటే అది ముక్కలు ముక్కలుగా తోస్తుంది. తర్వాతి పలుకు ఎప్పుడొస్తుందా అని మనమే తొందరపడతాం. తొందర లేని రోజున ఆ ఖాళీలు కూడా పాటలో భాగంగా వినపడతాయి. ఆయన ఆగిన చోట స్వరం ఇంకా గాల్లోనే ఉన్నట్టుంటుంది. నాకు ఆయన పాట పట్టుబడింది ఆ ఖాళీల్లోనే.

ఇదంతా మన పెద్దలకు తెలియంది కాదు. సుమారు వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ, రసానుభూతికి అడ్డుపడే ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి, వినేవాడు, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండటం. నాకు నచ్చింది దానికి ఆయన చెప్పిన విరుగుడు. వాద్యాలు, గానం, అందంగా తీర్చిన మండపం, ఇలాంటివి. అంటే మనసు బాగోలేనివాణ్ణి బయటికి పంపెయ్యమనలేదు. ముందు పాటతోనే వాడి మనసును తన గోలలోంచి కాస్త బయటికి లాగమన్నాడు.

నా అనుభవం ఆయన మాటకు పూర్తిగా అతకదు. ఆ రాత్రి నా దుఃఖం అడ్డుపడలేదు, దారి చూపించింది. కానీ మొదటిసారి విన్నది నా బాధనే అని ఒప్పుకోవాలి. నాన్నగారు ఇంటికొచ్చాక, మనసు కుదుటపడ్డాక, అదే గజల్ పదిసార్లు విన్నాను. ఆ విరుపుకు ముందు ఆవిడ స్వరాన్ని ఎంత నెమ్మదిగా పైకి తీసుకెళ్తారో, విరిగిన వెంటనే ఎంత హాయిగా కిందికి దిగుతారో అప్పుడు తెలిసింది. ఏడుస్తున్నప్పుడు అవేవీ వినపడలేదు.

అలాగని అంతా మన మూడ్‌లోనే ఉంది, మంచి పాట చెడ్డ పాట అంటూ లేవు అనే మాట నేను ఒప్పుకోను. శ్రుతి తప్పిన పాట ఏ మనసుతో విన్నా శ్రుతి తప్పే ఉంటుంది. బాధలో ఉన్నప్పుడు పట్టుకున్న కొన్ని పాటలు నెల తిరక్కుండానే రుచి పోయాయి. బేగం అఖ్తర్ పోలేదు.

నాకు ఇంకా ఎక్కని ఒక గాయకుడున్నాడు. పేరు చెప్పను, మీలో ఆయన అభిమానులుంటారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, వేర్వేరు వేళల్లో ఆయన పాట పెట్టుకుంటాను. పోయినసారి పల్లవితోనే ఆపేశాను. మొన్న వర్షం పడుతున్న సాయంత్రం రెండో చరణం దాకా విన్నాను.