డెబియన్ ఇన్‌స్టలేషన్ సూచనలు: ముందుగా ఏవి కొట్టివేయాలి?

నమస్కారం. గుంటూరు, విజయవాడల్లో పాత ల్యాప్‌టాప్ కొనుక్కుని డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే విద్యార్థుల దగ్గర తరచుగా కనిపించేది, సీనియర్ల నుంచి జిరాక్సు మీద జిరాక్సుగా చేతులు మారిన సూచనల కాగితం. దానిని 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13కు తగినట్టు ఎలా సవరించాలన్నదే ఈ వీడియో విషయం. కొత్త వాక్యాలు చేర్చడం కంటే, కాలం చెల్లినవాటిని ఏరి తీసివేయడమే ముఖ్యమని నా అభిప్రాయం.

వైఫై ఫర్మ్‌వేర్‌ను, అంటే వైఫై చిప్ పనిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను, రెండో పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకోమనే పేరాను పూర్తిగా ఎత్తివేయవచ్చు. 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగ్ ద్వారా తీసుకున్న నిర్ణయం మేరకు, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అధికారిక ఇమేజ్‌లోనే, అంటే ఇన్‌స్టలేషన్ కోసం డౌన్‌లోడ్ చేసుకునే ఫైల్‌లోనే, ఆ ఫర్మ్‌వేర్‌ను చేర్చి ఇస్తున్నారు. 32 బిట్ పీసీలకు మాత్రం 13వ వెర్షన్‌లో ఇన్‌స్టాలరే లేదు. ఈ సంగతి కాగితం మొదట్లోనే ఉండాలి, డేటా ఖర్చుపెట్టి డౌన్‌లోడ్ చేసుకున్నాక తెలిస్తే ఏం ప్రయోజనం?

అన్నింటికన్నా ప్రమాదకరమైనది, ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి రాసే డీడీ కమాండ్. పాత కాగితాల్లో గమ్యస్థానం ‘స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ’ అని అచ్చువేసి ఉంటుంది. ఒకే హార్డ్ డిస్క్ ఉన్న రోజుల్లో పెన్‌డ్రైవ్‌కు సాధారణంగా ఆ పేరే వచ్చేది కాబట్టి అది నడిచిపోయింది. ఇప్పుడు లోపలి డిస్క్ ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డీ అయితే పెన్‌డ్రైవ్ ఎస్‌డీఏగా కనిపించవచ్చు. రెండు హార్డ్ డిస్కులున్న డెస్క్‌టాప్‌లో ఎస్‌డీబీ అంటే రెండో డిస్కే కావచ్చు, అప్పుడు అందులోని ప్రాజెక్టులు, ఫొటోలు ఒక్క ఎంటర్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. అందువల్ల అక్కడ ఏ పేరూ రాయకుండా ఖాళీ గీత వదిలి, ముందుగా డిస్కుల జాబితా చూపే ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కమాండ్ ఇచ్చి, సైజును బట్టి పెన్‌డ్రైవ్‌ను గుర్తించి, ఆ పేరును స్వయంగా నింపుకోమని రాయాలి. టైప్ చేసేవారికి కొంచెం విసుగే కానీ, ఆ విసుగు మేలు చేస్తుంది.

ఇక రూట్ పాస్‌వర్డ్ సంగతి. రూట్ అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా. ఇన్‌స్టాలర్ అడిగినచోట దానిని ఖాళీగా వదిలితే, మొదటి యూజర్‌కు సుడో అధికారం, అంటే రూట్ హోదాలో కమాండ్లు ఇచ్చే వీలు, దానంతటదే వస్తుంది. పాస్‌వర్డ్ ఇస్తే రాదు. ఈ తేడా చెప్పకుండా తరువాతి పేజీలో ప్రతి కమాండ్‌నూ సుడోతో మొదలుపెడితే, పాస్‌వర్డ్ ఇచ్చినవారు మొదటి కమాండ్ దగ్గరే ఆగిపోతారు. కాబట్టి ఆ సూచన కాగితం చివర గమనికగా కాక, పాస్‌వర్డ్ అడిగే మెట్టు దగ్గరే ఉండాలి.