వాలు నేలలో పూలమడి: ముందు నీళ్ళ దారి, తర్వాతే మొక్కలు

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది ఇళ్ళు ఏదో ఒక కొండ మొదట్లోనే ఉండి ఉంటాయి. సీతమ్మధార, ఎండాడ, మధురవాడ, సింహాచలం వైపు... విశాఖలో చదునైన జాగా దొరకడమే కష్టం. వరండా మెట్ల నుంచి గేటు దాకా నేల ఏటవాలుగా దిగిపోతుంది. దాంతో విసిగిపోయి చాలామంది సిమెంటు పోసేస్తున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఏళ్ళ తరబడి పూసే మొక్కలకి వాలు చాలా మంచి చోటు. నీరు నిలవదు కాబట్టి వేరు కుళ్ళదు. పై వరసా కింది వరసా ఒకదానికొకటి అడ్డురావు, వీధిలోంచి చూస్తే ప్రతి పువ్వూ కనిపిస్తుంది.

నర్సరీకి వెళ్ళే ముందు మాత్రం ఒక పని చెయ్యండి. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని వాకిట్లోకి రండి. డాబా గొట్టం నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, ఎటు పరుగెడుతున్నాయి, ఎక్కడికొచ్చేసరికి ఎర్రబడుతున్నాయి? అలా ఎర్రబడిన చోట మీ మట్టి కొట్టుకుపోతున్నట్టే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మీరంతా చూసినవే. అంత లోతు గండ్లు కోసింది వాన నీరే. మన వాకిట్లో అదే పని చిన్న ఎత్తున జరుగుతుంది. అందుకని మొదటి ఖర్చు మొక్కల మీద పెట్టకండి. డాబా గొట్టాన్ని వాలు మీదికి వదలకుండా పక్కనున్న ఇంకుడు గుంతలోకి తిప్పించండి. ఆ గుంత గోడ పునాదికీ, ఇంటి పునాదికీ దూరంగా ఉండాలి.

తర్వాత వాలుకి అడ్డంగా వరసలు గియ్యాలి. కంటితో చూసి గీస్తే తప్పిపోతుంది. మేస్త్రీలు వాడే సన్నని పారదర్శక ట్యూబు తీసుకుని, బుడగలు లేకుండా నీళ్ళు నింపండి. ఒక కొస మీరు పట్టుకోండి, రెండో కొస ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. రెండు కొసల్లోనూ నీళ్ళు నేల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయంటే ఆ రెండు చోట్లూ సమమట్టంలో ఉన్నట్టు. అలా జరుగుతూ ముగ్గుపిండితో గీత కలుపుకుంటూ పోండి. గీత వంకరగా వస్తుంది, రానివ్వండి, నేల అలాగే ఉంది మరి. ఆ గీత వెంట రాళ్ళు పేర్చండి. కింది రాయి సగం భూమిలో ఉండాలి, కట్టు కొద్దిగా కొండవైపు వాలాలి. మోకాలెత్తు వరకు మనమే పేర్చుకోవచ్చు. అంతకు మించితే ఇంజనీరుని పిలవండి, ఇందులో మొహమాటం వద్దు. వానలకి గోడ కూలితే ప్రాణాల మీదికి వస్తుంది.

రాళ్ళు దొరక్కపోతే వట్టివేరు ఉంది. నాలుగైదు అంగుళాలకో పిలక చొప్పున గీత వెంట నాటండి. దాని వేర్లు పక్కలకి పెద్దగా పాకవు, రెండు మూడు మీటర్లు లోతుకి దిగుతాయి. పక్క మొక్క తిండి లాక్కోదు. వేరు వాసన కోసం మాత్రం తవ్వకండి, కట్ట పోతుంది!

ఇక మొక్కలు. పైభాగం త్వరగా ఆరిపోతుంది, సముద్రపు ఉప్పుగాలి కూడా అక్కడే ఎక్కువ తగులుతుంది. కాగితంపూలు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు అక్కడ తట్టుకుంటాయి. గన్నేరు కూడా బాగా నిలుస్తుంది గానీ మొక్కంతా విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే వెయ్యను. మధ్య వరసలకి నూరువరహాలు, నందివర్ధనం. నీడపట్టున కనకాంబరం. చెమ్మ నిలిచే అడుగు భాగానికి మెట్టతామర. పెద్ద చెట్లు ఇంటి ముందు వాలులో వద్దని నా అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊళ్ళో ఎన్ని మహావృక్షాల్ని పడగొట్టిందో మనం చూశాం.

తొలకరి పడ్డాక నాటితే అక్టోబరు తుపాన్ల లోపు వేర్లు పట్టుకుంటాయి. వాలంతా ఒకేసారి తవ్వకండి. ఒక వరస గొప్పు తవ్వి, పశువుల గత్తం కలిపి, నాటి, ఎండుటాకులు కప్పాక రెండో వరసకి దిగండి. పై వరస మొక్కకీ మొక్కకీ మధ్య ఉన్న ఖాళీకి సూటిగా కింది వరస మొక్క రావాలి. అప్పుడు జారే నీటికి ఎక్కడో ఒకచోట అడ్డు తగులుతుంది. పాదు గుండ్రంగా చెయ్యకుండా దిగువవైపు అర్ధచంద్రంలా కట్ట వెయ్యండి. మొదటి ఏడాది కలుపుని పీకకుండా కొడవలితో కోసి, అక్కడే పడెయ్యండి. పీకితే వేరుతో పాటు మట్టి కూడా ఊడొస్తుంది.

వట్టివేరు పిలకలూ, నందివర్ధనం కొమ్మలూ బయట బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు కావలసినన్ని తీసుకోండి. ఇప్పుడు మీ వాకిలి గురించి ఏం అడగాలన్నా అడగండి.