డాల్డా డబ్బా బుడ్డి

అందరికీ నమస్కారం అండీ. డాలస్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది, జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు. ఇవాళ చంద్రగిరి దగ్గర మా అవ్వ ఇంట్లో ఉన్నాం. అటక దులుపుతుంటే ఇది దొరికింది, చూడండి.

సీమనూనె బుడ్డి, అంటే కిరోసిన్ దీపం. అరచేతిలో పట్టేంత. బోర్లించి చూపిస్తా. మసి కింద పచ్చగా తలకిందులుగా కనిపిస్తోందే, అది డాల్డా డబ్బా మీది చెట్టు బొమ్మ! మాట్లేసే ఆయన ఊళ్ళోకి వస్తే అవ్వ ఖాళీ డబ్బాలు తీసి ఇచ్చేదట. ఆయన రేకు కత్తిరించి, గుండ్రంగా చుట్టి, నిప్పుల్లో కాల్చిన కడ్డీతో అతుక్కి మాటు పెట్టేవాడు. మాటు అంటే తగరం, సీసం కలిపిన లోహం. రేకు చెక్కుచెదరని వేడికే అది నీళ్ళలా కరిగి అతుకులోకి జారిపోతుంది. ఇదిగో, ఇక్కడ వెండి గీతలా ఉన్నది అదే. ఇన్నేళ్ళైనా చుక్క కారదు. పైన ఒత్తికి సన్నటి గొట్టం, పక్కన వేలు దూర్చడానికి చెవి.

వెలిగిద్దామంటే సీమనూనె లేదు. దేవుడి గూట్లోని నువ్వులనూనె పోశాను. రెండు నిమిషాలు మిణుకుమని ఆరిపోయింది.

"నువ్వులనూనె మందం పాపా, అంత ఎత్తు ఎక్కలేదు. ప్రమిదలో అయితే ఒత్తి నూనెలోనే పండుకోనుంటాది" అంది అవ్వ.

ఎంత చక్కగా చెప్పిందో! బుడ్డిలో నూనె అడుగున, మంట పైన. పలచటి సీమనూనె అయితేనే ఒత్తి పోగుల సందుల్లోంచి పైదాకా పాకుతుంది.

మా అమ్మ టెన్త్ చదివింది దీని ముందే. గాజు చిమ్నీ లేదు కాబట్టి పొగంతా మొహానికే, పొద్దున లేస్తే ముక్కులో మసి. ఇంట్లో కిరోసిన్ వాడకపోవడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. అప్పట్లో మావాళ్ళకి వేరే దారి లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

దీన్ని డాలస్ తీసుకెళ్తానని అడిగాను. అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తాత పాత పంచె చించి, కొత్త ఒత్తి పేని, గొట్టంలో దూర్చి నా చేతికిచ్చింది.

"పీచుతో తోమొద్దు పాపా, అతుకు కాడ అసలే వద్దు. మాటు ఊడితే మీ ఊర్లో వేసేవాళ్ళు ఉండారా?"