ఫార్మ్‌క్యాట్ రివ్యూ: రిపోర్టులో నార్మల్ అని వస్తే నమ్మొచ్చా?

నమస్తే అండి. గుండెకి స్టెంట్ వేశాక డాక్టర్లు ఎక్కువగా రాసే మాత్రల్లో క్లోపిడోగ్రెల్ ఒకటి. మింగగానే నేరుగా పనిచేసే మందు కాదిది. లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. ఆ జీన్‌లో స్టార్ 2 అనే మార్పు ఉంటే, ఆ కాపీ నుంచి పనిచేసే ఎంజైమ్ రాదు. దక్షిణాసియా వాళ్లలో ఈ జీన్ కాపీలు మూడు తీస్తే ఇంచుమించు ఒకటి స్టార్ 2. ఇలాంటి మార్పుల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే ఈ మందు మీద బాక్స్ హెచ్చరిక (అన్నిటికన్నా గట్టి హెచ్చరిక) పెట్టింది.

జీనోమ్ ఫైల్ ఇస్తే ఇలాంటి సంగతులు వెతికి, ఏ మందుకి ఏ సలహా ఉందో రిపోర్టు రాసిచ్చే సాఫ్ట్‌వేర్ ఫార్మ్‌క్యాట్. ఉచితం, ఓపెన్ సోర్స్. జీన్లని బట్టి మందు ఎలా వాడాలో చెప్పే సీపిక్ గైడ్‌లైన్లు రాసేవాళ్లతో కలిసి తయారైంది కాబట్టి సలహాల భాగం గట్టిగా ఉంటుంది. ఇంకో పెద్ద మంచి విషయం, ఇది మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. పేషెంట్ జీనోమ్ ఎవరి సర్వర్‌కీ వెళ్లదు.

ఇన్‌స్టాలేషన్ మీద ఎక్కువసేపు చెప్పను. డాకర్ ఇమేజ్ (కావాల్సినవన్నీ ఒకే మూటగా ఉండే ప్యాకేజీ) దించుకుంటే జావా, పైథాన్, బీసీఎఫ్‌టూల్స్ అన్నీ అందులోనే వస్తాయి. పైప్‌లైన్ కమాండ్‌కి వీసీఎఫ్ ఫైల్ (జీనోమ్‌లోని తేడాల జాబితా) ఇస్తే చాలు. లోపల నాలుగు పనులు వరసగా జరుగుతాయి. ముందు ప్రీప్రాసెసర్ ఫైల్‌ని సరిచేస్తుంది, తర్వాత మ్యాచర్ స్టార్ అలీల్స్ (స్టార్ 2 లాంటి జీన్ రకాలు) గుర్తుపడుతుంది, ఫినోటైపర్ ఎంజైమ్ పనితీరు చెబుతుంది, చివర్లో రిపోర్టర్ హెచ్‌టీఎంఎల్ రిపోర్టు ఇస్తుంది. ఫైల్ మాత్రం జీఆర్‌సీహెచ్ 38 అనే రిఫరెన్స్ (పోల్చి చూసే ప్రామాణిక మానవ జీనోమ్) మీద ఉండాలి. సీవైపీ2సీ19 స్టార్ 2 స్థానం పాత 37లో 96541616, కొత్త 38లో 94781859. పాత ఫైల్ నేరుగా ఇచ్చేస్తే టూల్ వేరే చోట వెతుకుతుంది.

ఇంకొకటి, వేరియంట్ల (రిఫరెన్స్‌కి ఉన్న తేడాల) నాణ్యతని ఫార్మ్‌క్యాట్ పరీక్షించదు. నాలుగు రీడ్లతో (మెషీన్ చదివిన డీఎన్ఏ ముక్కలతో) వచ్చిన కాల్‌ని (అక్కడ ఏ అక్షరం ఉందన్న నిర్ణయాన్ని), నలభై రీడ్లతో వచ్చిన కాల్‌ని ఒకేలా నమ్ముతుంది. వడపోత ముందే మీరు చేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు వీసీఎఫ్‌లో రిఫరెన్స్‌కి తేడా ఉన్న చోట్లే రాసి ఉంటాయి. ఒక స్థానం ఫైల్‌లో లేదంటే రెండు అర్థాలు రావొచ్చు: అక్కడ తేడా లేదు, లేదా అక్కడ అసలు చదవనేలేదు. ఫార్మ్‌క్యాట్ దాన్ని చదవని చోటుగానే తీసుకుంటుంది. అది మంచి పద్ధతి. కానీ అలా చేస్తే రిపోర్టులో ఖాళీలు చాలా వస్తాయి. అప్పుడు జనం చేసే తప్పు, ప్రీప్రాసెసర్‌లో ఆబ్సెంట్ టు రెఫ్ అన్న ఆప్షన్ పెట్టేయడం. లేని చోట్లన్నీ రిఫరెన్స్‌తో నిండిపోతాయి, రిపోర్టు కళకళలాడుతుంది.

దీంతో ఏమవుతుందో ఒక్క జీన్‌లో చూద్దాం. కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లకి, ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించకుండా, టాక్రోలిమస్ అనే మందు ఇస్తారు. దాన్ని విరగ్గొట్టేది సీవైపీ3ఏ5 ఎంజైమ్. మనవాళ్లలో ఎక్కువగా ఉండేది పనిచేయని స్టార్ 3. ఆ మార్పు ఎక్సాన్ (జీన్‌లో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే భాగం) నుంచి 237 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) దూరంలో, ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్యనుండే భాగం) లోపల ఉంటుంది. ముఖ్యంగా ఎక్సాన్లనే చదివే మామూలు ఎక్సోమ్ కిట్‌కి అది అందదు. అలాంటి ఫైల్‌కి ఆ ఆప్షన్ పెడితే స్టార్ 1, స్టార్ 1 అని వస్తుంది, అంటే ఎంజైమ్ బాగా పనిచేస్తోందని. దానికి సీపిక్ సలహా, మొదటి మోతాదు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెంచమని! నిజంగా స్టార్ 3 ఉన్న మనిషికి అలా పెంచితే, మందు ఒంట్లో పేరుకుపోయి కాపాడాల్సిన ఆ కొత్త కిడ్నీకే దెబ్బ. సీవైపీ2సీ19 స్టార్ 17, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌కి చూసే వీకేఓఆర్‌సీ1 మార్పు కూడా ప్రమోటర్‌లో (జీన్ ముందుండే స్విచ్ లాంటి భాగంలో) ఉంటాయి కాబట్టి ఎక్సోమ్‌లో దొరకడం కష్టమే.

పరిష్కారం వేరియంట్ కాలింగ్ (రీడ్ల నుంచి వీసీఎఫ్ తయారుచేసే పని) దగ్గరే ఉంది. ఫార్మ్‌క్యాట్‌తో పాటు దాని స్థానాల జాబితా ఫైల్ వస్తుంది. బ్యామ్ ఫైల్ (రీడ్లని రిఫరెన్స్ మీద అమర్చి పెట్టిన ఫైల్) మీద ఆ స్థానాలన్నిటికీ, తేడా లేకపోయినా సరే, జీనోటైప్ (రెండు కాపీల్లో ఏ అక్షరాలున్నాయో) రాయించండి. అప్పుడు 0/0 అని ఉంటే చదివాం, తేడా లేదు అని. చుక్కలుంటే చదవలేదు అని తేలిపోతుంది. రిపోర్టులో దొరకని స్థానాల పట్టిక ఉంటుంది, ముందు దాన్ని చదివి తర్వాతే మందుల పేజీకి వెళ్లండి. సీవైపీ2సీ19కి స్టార్ 38, స్టార్ 38 అని కనిపిస్తే అనుమానించండి. జీఆర్‌సీహెచ్ 38 రిఫరెన్స్ సీక్వెన్స్ అదే. ఎవరో ఖాళీలు నింపారనడానికి అదొక ఆనవాలు.

సీవైపీ2డీ6 అనే ఇంకో జీన్ సంగతి ఫార్మ్‌క్యాట్ వీసీఎఫ్ నుంచి మామూలుగా చెప్పదు, చెప్పకపోవడమే సరైంది. పక్కనే దాదాపు అలాగే ఉండే సీవైపీ2డీ7 అనే భాగం ఉంది, పైగా జీన్ మొత్తం ఎగిరిపోవడం, రెండు మూడు కాపీలు ఉండడం మామూలే. హోల్ జీనోమ్ (జీనోమ్ మొత్తం చదివిన డేటా) ఉంటే సిరియస్ లేదా స్టెల్లార్‌పీజీఎక్స్ అనే టూల్‌తో విడిగా చూసి, ఆ ఫలితాన్ని బయటి కాల్స్ ఫైల్‌గా ఇవ్వాలి. రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్ఎల్ఏ జీన్లకీ అంతే.

సాధన చేయాలనుకునేవాళ్లకి 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ల శాంపిళ్లు ఐటీయూ పేరుతో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

నా లెక్కలో ఈ పనికి ఉచితంగా దొరికేవాటిలో ముందు పట్టుకోవాల్సింది ఫార్మ్‌క్యాటే. కానీ రిపోర్టు చూసి మాత్ర మీరే ఆపేయకండి. స్టెంట్ ఉన్నవాళ్లు క్లోపిడోగ్రెల్ హఠాత్తుగా మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. కాగితం తీసుకెళ్లి డాక్టర్‌తో దాని బదులు వాడే ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ సంగతి మాట్లాడండి.

మన వైశ్య కుటుంబాలకి ఒక మాట. ఆపరేషన్‌లో గొంతులో గొట్టం వేయడానికి కండరాలని సడలించే సుక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే సూడోకోలినెస్టరేస్ ఎంజైమ్‌ని తయారుచేసేది బీసీహెచ్ఈ జీన్. ఆ ఎంజైమ్‌లో 307వ చోట లూసిన్ అనే అమైనో ఆసిడ్ బదులు ప్రోలిన్ వచ్చే మార్పు వైశ్యుల్లో కనిపిస్తుంది. అది రెండు కాపీల్లోనూ ఉన్నవాళ్లకి కొన్ని గంటలపాటు ఊపిరి తిరిగి రాకపోవచ్చు. ఫార్మ్‌క్యాట్ రిపోర్టులో సుక్సినైల్‌కోలిన్ పేరు ఉంటుంది, కానీ అది ఆర్‌వైఆర్1 జీన్ వల్ల ఒళ్లు విపరీతంగా వేడెక్కిపోయే వేరే సమస్య గురించి. బీసీహెచ్ఈని అది చూడదు. కాబట్టి అక్కడ ఏ హెచ్చరికా లేదని ఊరుకోకుండా, ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టర్‌కి చెప్పి సూడోకోలినెస్టరేస్ రక్తపరీక్ష చేయించుకోండి.